బకెట్టుకు ఇది చాలు

మా అన్న ఆఖరుగా చేసిన పని మా బావి బకెట్టుకు పిడి బిగించడం.

1964 ఏప్రిల్‌లో ఒక ఆదివారం. హిందూపురంలో మా ఇంటి పెరట్లో కూర్చుని నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. బకెట్టు పిడి ఒకవైపు ఊడిపోయి రెండు రోజులైంది. అన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని చెవిలో చిన్న బోల్టు దూర్చి, చొక్కా జేబులోంచి రెండు కాళ్ళ ఇనుప పిన్ను ఒకటి తీశాడు. దాన్ని బోల్టు చివరి రంధ్రంలో పెట్టి, కటింగ్ ప్లేయరుతో ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వంచాడు. బకెట్టును రెండుసార్లు ఊపి నా ముఖం ముందుకు తెచ్చాడు.

"చూడు మే. ఏసినా. కాళ్ళు వంచినా. చూసినావు కదా?"

"చూసినా న్నా."

"బకెట్టుకు ఇది చాలు," అన్నాడు.

ఆ బకెట్టుతోనే ఒక చేద నీళ్ళు తోడి కాళ్ళు కడుక్కుని, వసారాలో చాప మీద పడుకున్నాడు. సంగటి ముద్ద కట్టి లేపడానికి పోతే లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. అన్నకు అప్పుడు నలభై నాలుగేళ్ళు.

ఆయన పేరు చౌడప్ప. హిందూపురం నుంచి ధర్మవరం దాకా లారీలు నడిపేవాళ్ళకు స్టీరింగ్ చౌడప్ప అంటేనే తెలుస్తుంది. మాది కనగానపల్లి. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఏమీ లేని చేను మాది. యుద్ధం రోజుల్లో అన్న ఇంట్లో చెప్పకుండా బెంగుళూరు పోయి, ఒక మిలిటరీ వర్క్‌షాపులో పాత టైర్లు మోసే పనిలో చేరాడు. ఐదేళ్ళ తర్వాత ఇంటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో పెట్టె లేదు, పానాలు చుట్టిన గోనెసంచి మాత్రం ఉంది.

నాకు పందొమ్మిదో ఏట పెళ్ళయింది. ఇరవయ్యో ఏట విషజ్వరంతో నా భర్త పోయాడు. పుట్టింటికి వచ్చిన నన్ను చూసి ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటుంటే, అన్న వచ్చి నా బట్టలు మూట కట్టి బస్సెక్కించాడు. "ఈడ కూసోని ఏడిస్తే ఎవరికీ లాభం లేదు నీలా. చదువుకో," అన్నాడు. టీచర్ ట్రైనింగు చదివించాడు. హిందూపురంలో ఆడపిల్లల బడిలో నాకు పని దొరికింది. అదే ఏడు, అంటే 1951లో, పెనుకొండ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. పక్కనే రంగప్ప కొలిమి. లారీలకు స్ప్రింగుల ఇనుప బద్దలు సాగగొట్టి వేయడం రంగప్ప పని. వాటి కింద చక్రాలను దారిలో పెట్టడం మా అన్న పని. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు. నావల్లేనేమో అన్న భయం ఉండేది.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

లారీ ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడుగున ఒక పొడుగాటి ఇనుప కడ్డీ ఉంటుంది. టై రాడ్డు అంటారు. స్టీరింగ్ తిప్పితే రెండు చక్రాలూ కలిసి తిరిగేది దానివల్లే. కడ్డీకి రెండు చివర్లా రెండు జాయింట్లు. జాయింటుకు ఒక నట్టు. నట్టు ఊడిరాకుండా దానికి అడ్డంగా ఒక కాటర్ పిన్ను. సగం వేలంత ఉంటుంది, రెండు కాళ్ళు. దూర్చాక కాళ్ళు విడదీసి వంచాలి. విప్పిన పిన్నును అన్న మళ్ళీ వాడేవాడు కాదు. ఒకసారి వంగిన కాలు రెండోసారికి విరుగుతుందనేవాడు. పాతది తీసిన వెంటనే ప్లేయరుతో రెండు ముక్కలు చేసి పారేసేవాడు. అందువల్ల మా అన్న షెడ్డులో వంగిన పిన్ను ఉండదు. కాళ్ళు తిన్నగా ఉన్న పిన్ను ఉంటే, అది ఇంకా ఏ బండికీ వేయనిది. నాకు ఇంతవరకు తెలుసు. ఇంతే తెలియడం నా ఖర్మ.

1962 దసరా సెలవుల్లో బుక్కపట్నం నుంచి ఒక చిన్న లారీ వచ్చింది. మిలిటరీ వేలంలో కొన్న పాత బండి. వీరభద్రయ్య అనే రైతుది. చెరువు చేపలు, వడ్లు ధర్మవరానికి తోలేవాడు. వంకలు దాటేటప్పుడు నీళ్ళు ఇంజన్లోకి వస్తున్నాయని స్ప్రింగులకు అదనంగా బద్దలు వేయించి బండిని జానెడు ఎత్తు లేపించాడు. దూరం నుంచి చూస్తే బండి మునివేళ్ళ మీద నడుస్తున్నట్టు ఉండేది.

"ఏమప్పా వీరభద్రయ్యా, బండికి గుర్రం కాళ్ళు పెట్టించినావు," అన్నాడు అన్న.

"ఎత్తుంటే వంక దాటుకుంటాది కదప్పా."

"ఎత్తు లేపినాక చక్రాలు సరి చూపించినావా?"

"అదెందుకు? చక్రాలు యాడున్నెవి ఆడనే ఉండాయి."

స్టీరింగు ముందు కూర్చున్న డ్రైవరు మారెప్ప తల బయటికి పెట్టాడు. "యాడున్నెవి ఆడ లేవు సామీ. నేను ధర్మవరానికి తిప్పితే ఇది కదిరికి పోతాండాది."

మారెప్పది ధర్మవరం. నోరు ఊరుకోని మనిషి. అతని భార్య హనుమక్క పట్టుదారం పురిపెట్టే పనికి పోయేది. అన్న చక్రాల వరస చూడడానికి వాడే దారం ఆమె చేతిదే. నూలుదారం లాగితే సాగుతుంది, తడిస్తే కుంగుతుంది. పురిపెట్టిన పట్టుదారం సాగదని అన్న అనేవాడు. ఏడాదికొక కండె మారెప్ప తెచ్చి ఇచ్చేవాడు.

అన్న బండి కిందికి దూరి చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఎత్తు లేపడంతో స్టీరింగు నుంచి చక్రానికి వచ్చే కడ్డీ ఏటవాలైపోయిందట. గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగు దానంతటది తిరుగుతుందట. రెండు బద్దలు తీసేయమన్నాడు. వీరభద్రయ్య ఒప్పుకోలేదు. చివరికి, ఉన్న ఎత్తుకే చేయగలిగినంత సరి చేస్తానని అన్న ఒప్పుకున్నాడు.

చెరువు నీళ్ళలో తిరిగి తిరిగి టై రాడ్డు మరలన్నీ తుప్పుతో బిగుసుకుపోయాయి. ఎడమ జాయింటు చేతికి కదలడం లేదు. వీరభద్రయ్య సమ్మెట తెమ్మన్నాడు. అన్న వద్దన్నాడు. మరల మీద కిరసనాయిలు గుడ్డలు చుట్టి రెండు రోజులు అలా వదిలేశాడు. "తుప్పుతో కొట్లాడకూడదు మే, దానికి టైమియ్యాల," అన్నాడు నాతో. మూడోరోజు నేను అన్నం క్యారియరు తీసుకుని పోయేసరికి మంట పెట్టి మరలను కాలుస్తున్నాడు. ఇనుము వేడెక్కాక కొవ్వొత్తిని దానికి ఆనించాడు. మైనం కరిగి మరల సందుల్లోకి తాగినట్టు పోయింది. తర్వాత జాయింటుకు ఒక పక్క సుత్తి ఆనించి పట్టుకుని, రెండో పక్క ఇంకో సుత్తితో ఒకే దెబ్బ కొట్టాడు. టక్కుమని ఊడి చేతిలోకి వచ్చింది.

"రెండు దినాలు మూలిగి ఒక్క దెబ్బకు లొంగె. మా ఆడది కూడా ఇట్లనే," అన్నాడు మారెప్ప.

"ఆయమ్మ ముందర అను ఆ మాట. దారంతో నీ నోరు కుట్టి పంపుతాది."

ఆ జాయింటు అరిగిపోయింది. దాని స్థానంలో కొత్తది వేశాడు. అట్టపెట్టె చింపిన చప్పుడు నేను విన్నాను. అంతే, చూడలేదు. అప్పటికే నన్ను బండిలో కూర్చోబెట్టాడు. ఖాళీ బండి కొలత అబద్ధం అనేవాడు అన్న. బరువుతో నడిచే బండిని బరువుతోనే కొలవాలి. వెనక ఇసుక మూటలు వేశాడు. ముందు సీట్లో బరువుకు మనిషి కావాలి.

"టీచరమ్మ బరువుకు బండి ఏం కుంగుతాదప్పా? బడి మొత్తం తెప్పించాల," అన్నాడు మారెప్ప.

"నువ్వూ ఎక్కు. నీ నోరే రెండు మూటలుంటాది."

నేను వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిచి కూర్చున్నాను. కథ మంచి పట్టులో ఉంది. కింద అన్న కొత్త జాయింటును బిగించాడు, నట్టు తిప్పాడు, పిన్ను వేశాడు, లేదా వేయలేదు. నాకు ఆరడుగుల దూరంలో. నేను తల వంచి చూస్తే కనిపించేది.

తర్వాత పట్టుదారం తెచ్చి చక్రాల పక్కగా లాగి కట్టాడు. "ఏమప్పా చౌడన్నా, బండికి తాళి కడతాండావా?" అని మారెప్ప పైనుంచి అరిచాడు. టైర్ల మీద గీసిన సుద్దగీతల మధ్య దూరాన్ని వెదురుపుల్లతో ముందు ఒకసారి, వెనక ఒకసారి కొలిచాడు. వెనక కంటే ముందు, వేరుశనగ బద్ద మందమంత దగ్గరగా ఉండాలి. అది అన్న కొలమానం. జేబులోంచి నిజంగానే ఒక బద్ద తీసి పుల్ల పక్కన పెట్టి చూసి, కొలత సరిపోయాక నోట్లో వేసుకునేవాడు. ఆరోజు కూడా వేసుకున్నాడు.

అన్నా, మారెప్పా సోమందేపల్లి దాకా పోయి వచ్చారు. తిన్నని రోడ్డు మీద అన్న స్టీరింగు వదిలేసి ఇరవై లెక్కపెట్టాడట. బండి పక్కకు పోలేదట. మధ్యాహ్నం మారెప్ప ఒక్కడే బండి తీసుకుని బుక్కపట్నం బయల్దేరాడు. ఆ సాయంత్రం వానలో, చెరువు కట్ట మీద మలుపులో, బండి నీళ్ళలోకి పోయింది. మారెప్ప బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సు కండక్టరు షెడ్డుకు వచ్చి చెప్పాడు. అన్న నిన్నటి పనిచొక్కాతోనే ఆ బస్సెక్కి పోయాడు. ఆయన చేరేసరికి ఊరివాళ్ళు బండిని పైకి లాగుతున్నారు. నీళ్ళలోకి దిగినవాళ్ళకు చేతికి దొరికిన కడ్డీ టై రాడ్డు. గొలుసు దానికే కట్టారు. "ఆడ కట్టొద్దు!" అని అన్న కట్ట మీంచి అరుస్తూ పరిగెత్తాడట. అప్పటికే రెండు జతల ఎద్దులు లాగేశాయి. బండి పైకి వచ్చేసరికి కడ్డీ వంగి, ఎడమ జాయింటు ఊడి వేలాడుతోంది. నట్టూ లేదు, పిన్నూ లేదు. అది నీళ్ళలోకి పోకముందు ఊడిందో, గొలుసు లాగితే ఊడిందో ఇక ఎవరూ చెప్పలేరు.

కట్ట మెత్తబడి జారిందని పోలీసులు రాసుకున్నారు. వీరభద్రయ్య మాత్రం ప్రతి బస్టాండులోనూ మెకానిక్కు పిన్ను మరిచిపోయాడని చెప్పాడు. బండిని జానెడు లేపించినవాడు ఇంకేం చెప్తాడు?

అన్న ఆరోజు సాయంత్రం ఒళ్ళంతా చెరువు బురదతో ఇంటికి వచ్చాడు. పనిచొక్కా ఎప్పుడూ షెడ్డు మేకుకే ఉండేది. శనివారం సాయంత్రం మాత్రం ఉతకడానికి ఇంటికి తెచ్చేవాడు, జేబులు ఖాళీగా. ఈసారి వారం మధ్యలో వచ్చింది. ఆయన స్నానం చేస్తుంటే నేను చొక్కా నానబెట్టబోయి జేబులో చెయ్యి పెట్టాను. బురదలో ఒక పిన్ను. కాళ్ళు రెండూ తిన్నగా ఉన్నాయి.

బండికి వేయాల్సిన పిన్ను జేబులోనే ఉండిపోయిందన్నమాట. నేను ఆలోచించలేదు. రెండడుగులు వేసి బావిలో వేసేశాను. అది నీళ్ళలో పడిన చప్పుడు కూడా రాలేదు.

అన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. తీగె మీద వేలాడుతున్న చొక్కా వైపు చూశాడు.

"జేబులో ఏమన్నా ఉండెనా మే?"

"ఏమీ లేదు న్నా."

"సరిగ్గా చూసినావా?"

"చూసినా. ఖాళీ."

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. నేను అబద్ధం చెప్పానని కనిపెట్టాడనుకున్నాను. ఇద్దరికీ తెలిసిన తప్పును ఇద్దరమూ దాచుకున్నామనుకున్నాను. ఆయన్ను కాపాడాననుకున్నాను.

మూడో నెలలో హనుమక్క వచ్చింది. ధర్మవరం నుంచి రైలెక్కి ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. వాకిట్లో నిలబడి అడిగింది.

"అన్నా, లోకం నోరు నాకొద్దు. నువ్వు చెప్పు. పిన్ను ఏసినావా, లేదా?"

"ఏసినానమ్మా," అన్నాడు అన్న. తల ఎత్తలేదు. "ఏసినా. అది మాత్రం ఏసినా."

ఆమె ఆ వంచిన తలను చూస్తూ నిలబడింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే సరేన్నా. ఏసినానంటే ఏసినట్టే. ఆయప్ప కూడా చెప్పేటోడు, చౌడన్న చేతి బండి అంటే కండ్లు మూసుకోని తోలొచ్చని." నేనిచ్చిన మజ్జిగ తాగి పోయింది. తర్వాతి నెల ఒక బస్సు డ్రైవరు చేత కొత్త దారం కండె పంపింది. అన్న దాన్ని షెడ్డులో మేకుకు తగిలించాడు. మళ్ళీ దాన్ని తాకలేదు.

భర్త పోయిన మనిషి నమ్మింది. నేను నమ్మలేదు. ఆ రోజు మజ్జిగ గ్లాసు కడుగుతూ, ఆడకూతురికి ఎంత తేలిగ్గా అబద్ధం చెప్పాడు అనుకున్నాను. ఆ తలపును ఇప్పటికీ మోస్తున్నాను.

ఆ తర్వాత అన్న స్టీరింగు పని ముట్టుకోలేదు. పంక్చర్లు వేసేవాడు, గ్రీజు కొట్టేవాడు. బస్టాండులో ఏ బండి ఆగినా గొంతుక్కూర్చుని దాని ఎడమ చక్రం కిందికి తొంగి చూసేవాడు. "ఏమప్పా చౌడన్నా, దుడ్లు పడిపోయినాయా?" అని కండక్టర్లు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వి లేచి, దుమ్ము దులుపుకుని, పక్క బండి దగ్గరికి పోయేవాడు. ఇంట్లో తలుపు గడియ వేసినా, లాంతరు మూత బిగించినా నన్ను పిలిచేవాడు. "చూసినావు కదా?" "చూసినా న్నా." ఏడాదిన్నర పాటు ప్రతి దినం ఇదే. మరిచిపోయిన ఒక్క పిన్నుకు ఆయన ఇలా రోజూ ఒప్పుకోలు చెప్పుకుంటున్నాడనుకున్నాను. నేను ఏ ఒక్క రోజూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే దయ అనుకున్నాను.

అన్న పోయిన మూడు నెలలకు షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది. రంగప్ప వచ్చి సామాను దించిపెట్టాడు. పానాలు, సుత్తులు, సగం కాలిన కొవ్వొత్తులు, విప్పని దారం కండె. చివర్లో బల్ల కిందినుంచి పొగాకు డబ్బా ఒకటి తీసి నా చేతికిచ్చాడు. మూత తీస్తే నిండా కాటర్ పిన్నులు. ఒక్కదానికీ కాళ్ళు వంగలేదు.

"ఇన్ని బండ్లకు పిన్నులు ఏయకుండా పంపినాడా రంగప్పా?" అన్నాను. ఎలా అన్నానో తెలియదు.

రంగప్ప వింతగా చూశాడు. "ఏం మాటక్కా అది? కొత్త జాయింటు కొంటే ఆ పెట్టెలోనే ఒక పిన్ను కూడా ఇస్తారు. చౌడన్న దాన్ని నమ్మేటోడు కాదు. మెత్తగుంటాదని. పెట్టె చింపంగానే అది జేబులో ఏసుకునేటోడు. బెంగుళూరు నుంచి తెప్పించిన గట్టి పిన్ను తీసి బండికి ఏసేటోడు. జేబులోది మల్ల ఈ డబ్బాలో పడేది. పదకొండేండ్లు పక్కనుండి చూసినా."

రంగప్ప డబ్బాలోకి చూస్తూ చెప్తూనే ఉన్నాడు.

"మారెప్ప బండి దినం ఏ పిన్ను ఏసినాడో చౌడన్నకే జ్ఞాపకం రాలేదు. అలవాటు పని కదా, చెయ్యి చేసుకుంటా పోతాది. చెరువు కాన్నుంచి వచ్చిన మర్నాడు నా కొలిమి కాడ కూసున్యాడు. 'రంగప్పా, మెత్తది జేబులో ఉంటే గట్టిది ఏసినట్ల. నీలాను అడిగినా. జేబులో ఏమీ లేదనింది. అంటే ఆ మెత్తదే బండికి ఏసి పంపినా' అన్యాడు. ఎంత చెప్పినా వినలేదు. నీకు చెప్పలేదా?"

రంగప్ప డబ్బాకు మూత పెట్టి నా సంచిలో వేశాడు.

"పారేయొద్దక్కా. బండ్లకు పనికిరావు గానీ, బకెట్లకు ఇవి చాలనేటోడు."